గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ టికెట్టుకే డబ్బంతా పెట్టాలా? ఏ రైలుదారిని ఎంచుకోవాలి?

మే నెల సెలవుల్లో అమ్మానాన్నలను వెంటబెట్టుకొని పది పన్నెండు రోజులు విదేశానికి వెళ్లి, పేరున్న రైలు ప్రయాణం ఒకటి చేసి రావాలని ఉందనీ, స్విట్జర్లాండులో పర్యాటకుల కోసం నడిచే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో పై తరగతి టికెట్టు కొంటే పెట్టిన డబ్బు దండగ కాకుండా ఉంటుందా అనీ, అంతకుముందు మన రాయలసీమ చుట్టుపక్కల చూడదగిన రైలుదారులు ఏవైనా ఉన్నాయా అనీ ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగారు. నేను గుంతకల్లు డివిజనులో పట్టాల నిర్వహణ పనిలో ఉండి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆ తరువాత పిల్లల పుణ్యమా అని బయటి దేశాల దారులు కూడా కొన్ని చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్విట్జర్లాండుకే వెళ్లండి, కాని గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవలసిన అవసరం లేదు. ప్రకటనల్లో కనిపించే కొండలూ వంతెనలూ ఆ పట్టాల వెంట ఉన్నవే తప్ప ఆ బండికి మాత్రమే సొంతమైనవి కావు. అవే పట్టాల మీద ఊళ్లవాళ్లు రోజూ ఎక్కే మామూలు బండ్లు గంటగంటకూ నడుస్తుంటాయి.

ఇది సరిగా అర్థం కావాలంటే కొండమీది రైలుదారి ఎందుకు అంత అందంగా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంది కనుక రాపిడి తక్కువ. అందువల్లనే ఒక్క ఇంజిను వేల టన్నులను లాగగలుగుతుంది, అందువల్లనే ఎక్కుడు వచ్చేసరికి చక్రం జారుతుంది. లారీ సునాయాసంగా ఎక్కే ఘాటురోడ్డును రైలు ఎక్కలేదు. వంద మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి పోవడమే బరువైన గూడ్సు బండికి కష్టం. మూడు మీటర్లంటే వెనుక నుంచి తోసే బ్యాంకర్ ఇంజిన్లు కావాలి. ఆ కాలపు ఇంజినీర్లకు కొండను నేరుగా ఎక్కే వీలు లేక, వాగు పక్కనే లోయలోకి పోయి, దాని మొదట్లో దాటి, ఎదుటి వాలు మీదుగా వెనక్కు వచ్చి, చాలకపోతే కొండ కడుపులో ఒక చుట్టు చుట్టి, దారిని సాగదీసి ఎత్తు సంపాదించారు. మనం కిటికీలోంచి చూసి మురిసిపోయే వంపులన్నీ ఆ తిప్పలలో నుంచి పుట్టినవే. దారి ఎంత పాతదైతే, దానికి దొరికిన ఇంజిను ఎంత బలహీనమైనదైతే, అది అంతగా తిరుగుతుంది, మనకు అంతగా చూపిస్తుంది.

మన దేశపు కొండ రైళ్లలో పేరున్న మూడు ఈ సమస్యకు మూడు రకాల జవాబులు. 1881లో పూర్తయిన డార్జిలింగు దారి రెండడుగుల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) మీద, పళ్లపట్టా (ఇంజిను కింది పళ్లచక్రం పట్టుకొని ఎక్కేందుకు వేసే పళ్ల కమ్మీ) సాయం లేకుండా, చుట్లూ జిగ్‌జాగులూ వేసుకుంటూ ఘూమ్ దగ్గర 2,258 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. జిగ్‌జాగు అంటే బండి ముందుకు పోయి ఆగి, వెనక్కు నడిచి పై మెట్టు ఎక్కి, మళ్లీ ముందుకు సాగడం. నీలగిరిలో ఆ తిరుగుడుకు కూడా చోటు లేకపోయింది. అందుకే కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ పళ్లపట్టా వేసి, ఇంజిను కింద పళ్లచక్రం పెట్టి, పన్నెండున్నర మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కించారు. 1903 నాటి కాల్కా-సిమ్లా దారి 102 సొరంగాల్లో దూరి కొండల అంచులనే పట్టుకొని పోతుంది. ఈ మూడింటిలో ఏది ముందు చూడాలని అడిగితే నీలగిరి అంటాను, ఎందుకంటే మెట్టుపాళయం నుంచి పొద్దున బయలుదేరే బండిలో ఇంజిను వెనుక ఉండి పెట్టెలను పైకి తోస్తుంది కనుక ముందు పెట్టెలో కూర్చున్నవారికి అడవి ఎదురుగా వస్తూ కనిపిస్తుంది. కాకపోతే టికెట్టు చాలా ముందుగా చేయించుకోవాలి.

ఇక స్విట్జర్లాండు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ 1930లో మొదలైంది. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ వరకు దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం, 291 వంతెనలు, 91 సొరంగాలు. లోకంలో అతి నెమ్మదిగా నడిచే ఎక్స్‌ప్రెస్ అని వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు. ఇందులో నిజంగా ఊపిరి బిగబట్టించే భాగాలు రెండు. ఒకటి ఆండర్మాట్ నుంచి డిసెంటిస్ వరకు, 2,033 మీటర్ల ఒబరాల్ప్ కనుమ మీదుగా పళ్లపట్టా పట్టుకొని ఎక్కి దిగే దారి. రెండవది తూర్పు స్విట్జర్లాండులోని కూర్ ఊరు దాటాక తూసిస్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా ఉన్న ఆల్బులా దారి. మిగిలిన గంటల్లో చక్కని లోయలు ఉంటాయి, కాదనను. కాని అద్దాల పెట్టెలో భోజనం చేసి కునుకు తీసేవాళ్లను ఆ భాగాల్లోనే ఎక్కువగా చూశాను.

ఆల్బులా దారి 1903-04 ప్రాంతంలో ఆవిరి ఇంజిన్ల కోసం వేసినది. ఆవిరి ఇంజినుకు వంద మీటర్లకు మూడున్నర మీటర్ల కన్నా ఎక్కువ ఎక్కుడు ఇవ్వకూడదనుకున్నారు. బెర్గ్యూన్ నుంచి ప్రేదాకు గాలిలో కొలిస్తే కొద్ది కిలోమీటర్లే, ఎత్తులో తేడా మాత్రం నాలుగు వందల మీటర్లకు పైనే. ఆ తేడా కోసం పట్టాలను చుట్టు సొరంగాల్లో తిప్పి, ఒకే లోయను అటూ ఇటూ దాటిస్తూ తీసుకుపోయారు. ఇప్పుడే దాటిన వంతెన కాసేపటికి కాళ్ల కింద కనిపిస్తుంది, ఇంకాసేపటికి అది ఏ వైపున ఉందో కూడా తెలియదు. దానికి ముందు ఫిలిజూర్ దగ్గర 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ రాతివంతెన వంపు తిరిగి, నిట్టనిలువుగా ఉన్న కొండ గోడలోని సొరంగంలోకి నేరుగా దూరిపోతుంది. పనివాడి కళ్లతో చూస్తే నాకు ఆశ్చర్యం కలిగించినది దాని ఎత్తు కాదు, అంత ఎత్తున వంద మీటర్ల వ్యాసార్ధపు వంపును రాతితో కట్టి, నూరేళ్లు దాటినా రోజూ బండ్లను దాని మీదుగా పంపగలుగుతున్న నిర్వహణ.

సెయింట్ మోరిట్జ్ దాటాక వచ్చే బెర్నీనా దారి 1908-10 మధ్య మొదటి నుంచీ కరెంటు బండ్ల కోసమే వేసినది. అందుకే దాని తీరు వేరు. కరెంటు మోటార్ల బలాన్ని నమ్ముకొని వంద మీటర్లకు ఏడు మీటర్ల ఎక్కుడు పెట్టారు, పళ్లపట్టా అసలే లేదు. కనుమ కింద పెద్ద సొరంగం తవ్వక, కనుమ పైనుంచే తీసుకుపోయారు. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పిజియో బెర్నీనా స్టేషను పక్కనే లాగో బియాంకో చెరువు ఉంది. అక్కడికి ఉత్తరాన పడిన వాన డాన్యూబు నదిలో కలిసి నల్లసముద్రానికీ, దక్షిణాన పడిన వాన పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికీ పోతుంది. అక్కడి నుంచి ఇటలీలోని తిరానోకు, అంటే 429 మీటర్లకు, నలభై కిలోమీటర్లు కూడా లేని దూరంలో దిగిపోతుంది. చివరలో బ్రూసియో ఊరి బయట చోటు చాలక, పొలంలో రాతివంతెన మీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, తాను దాటిన ఆ వంతెన కమాను కిందనుంచే బండి బయటికి వస్తుంది. సొరంగంలో దాగవలసిన చుట్టును ఆరుబయట చూడగలిగే చోటు ఇది. ఆల్బులా, బెర్నీనా దారులు రెండింటినీ కలిపి 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

మన పాతతరం రైల్వేవాళ్లు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ దారులన్నీ మీటరు గేజివి. గుంటూరు-గుంతకల్లు, ధర్మవరం-పాకాల మార్గాల్లో మనం ఊడబీకి బ్రాడ్ గేజి వేసుకున్నది ఆ కొలత పట్టాలే. ఇరుకు గేజి బండి గట్టి వంపులు తిరగగలదు, కొండను ఎక్కువగా కోయకుండా దాని ఒంటిని అంటిపెట్టుకొని పోగలదు. బ్రాడ్ గేజికి వంపు విశాలంగా ఉండాలి కాబట్టి కొండను తొలిచి నేరుగా పోవలసి వస్తుంది. మనకు సరుకు రవాణా ముఖ్యం కనుక గేజి మార్పును తప్పుపట్టను. నల్లమలలో చలమ, బొగడ స్టేషన్ల మధ్య 1880లలో కట్టిన దొరబావి వంతెన మాత్రం ఆ మార్పులో పోయింది. కొత్త దారి వేరే వైపు వేసి దాన్ని విప్పేశారు. పాత మీటరు గేజి బండిలో ఆ వంతెన దాటినవారు కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా చాలామందే ఉన్నారు, అడిగి చూడండి.

కొత్త సొరంగం వచ్చినచోట దృశ్యం పోతుందనడానికి స్విట్జర్లాండులోనే సాక్ష్యం ఉంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ పేరుకు కారణమైన రోన్ హిమానీనదం 1982 దాకా ఫుర్కా కనుమ మీద కిటికీలోంచి కనిపించేది. ఆ ఏడాది పదిహేను కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తెరిచారు. అప్పటి నుంచి చలికాలంలో కూడా బండి నడుస్తోంది, కాని మంచుకొండ పేరు పెట్టుకున్న బండిలో ఆ మంచుకొండ కనిపించడం మానేసింది. పాత కనుమ దారిని ఉత్సాహవంతులు పునరుద్ధరించి వేసవిలో ఆవిరి బండ్లు నడుపుతున్నారు. ఆల్ప్స్ కొండలను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటించే గోథార్డు దారిలో కూడా అంతే. 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగంలో ఏమీ చూడకుండా ఆల్ప్స్ దాటేస్తారు. 1882 నాటి పాత దారిలో పోతే వాసెన్ ఊరి చర్చి మొదట తల ఎత్తి చూసేంత పైన, తరువాత కళ్లకెదురుగా, చివరకు కాళ్ల కింద, మూడుసార్లు కనిపిస్తుంది. పాత దారిలో ఇప్పటికీ మామూలు బండ్లు నడుస్తున్నాయి కనుక టికెట్టు తీసుకునేటప్పుడు మీ బండి ఏ దారిన పోతుందో అడగండి. అడగకపోతే వాళ్లు వేగమైన దారినే ఇస్తారు. మన ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం వైపు 2019లో తెరిచిన మార్గంలోని 6.6 కిలోమీటర్ల వెలికొండ సొరంగం కూడా ఈ కోవలోదే. బొగ్గు బండికి అది వరం, కిటికీ పక్కన కూర్చున్నవాడికి చీకటి.

మీ పది పన్నెండు రోజులకు నేను చెప్పే ఏర్పాటు ఇది. కూర్ ఊళ్లో నాలుగైదు రాత్రులు ఉండండి. ఒకరోజు మామూలు బండిలో సెయింట్ మోరిట్జ్ వెళ్లి, అక్కడ బండి మారి తిరానో దాకా పోయి, మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి రండి. దక్షిణంగా పోయేటప్పుడు కుడివైపు కూర్చుంటే ఎక్కువ కనిపిస్తుంది. తిరుగు ప్రయాణం కూడా అదే దారిలో కనుక తప్పిపోయినవి అప్పుడు చూసుకోవచ్చు. మరొకరోజు డిసెంటిస్ మీదుగా ఆండర్మాట్ పోయి ఒబరాల్ప్ చూడండి. ఇవి రెండూ చూస్తే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లోని సారమంతా చూసినట్లే, పైగా నచ్చినచోట దిగి తరువాతి బండి ఎక్కవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ స్వేచ్ఛ చాలా అవసరం. ఎనిమిది గంటలు ఒకే సీటులో కూర్చోబెట్టడం కన్నా ఆల్ప్ గ్ర్యూమ్ స్టేషనులో దిగి, ఎదురుగా ఉన్న హిమానీనదాన్ని చూస్తూ గంటసేపు టీ తాగడం వారికి సుఖం. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే ఈ బండ్లన్నీ అందులోనే వస్తాయి, తిరానో వరకు కూడా చెల్లుతుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌కు మాత్రం పాస్ ఉన్నా సీటు రిజర్వేషను తప్పనిసరి, దానికి వేరే రుసుము కట్టాలి, పై తరగతిలో అది చిన్న మొత్తం కాదు. ఫొటోల పిచ్చి ఉన్నవారికి ఇంకొక మాట: అద్దాల పెట్టెల కిటికీలు తెరుచుకోవు, మన ముఖాలే ఫొటోలో పడతాయి, మామూలు బండ్లలో కిందికి దించుకునే కిటికీలు కొన్ని ఉంటాయి. మే నెలలో లాగో బియాంకో ఇంకా గడ్డకట్టి ఉండవచ్చు, కింది లోయలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఒకే రోజున మంచూ వసంతమూ రెండూ చూడగలిగే నెల అది.

ఇంకా నాలుగు రోజులు మిగిలితే నార్వే మంచిది. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కటే రెండింటికీ సరిపోతుంది. ఓస్లో నుంచి బెర్గెన్ పోయే 1909 నాటి దారిలో రోడ్డు చేరని ఫిన్సే స్టేషను 1,222 మీటర్ల ఎత్తున ఉంది. మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ బండి ఎక్కితే 866 మీటర్ల నుంచి సముద్రమట్టానికి ఇరవై కిలోమీటర్లలో దిగుతుంది. దాని ఇరవై సొరంగాల్లో పద్దెనిమిదింటిని చేతులతోనే తొలిచారు. మే, జూన్ నెలల్లో మంచు కరుగుతుంది కనుక జలపాతాలు నిండుగా ఉంటాయి. నార్వేలో తిండి ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుందని మాత్రం ముందే తెలుసుకొని వెళ్లండి.

విదేశమే కావాలి, ఖర్చు మాత్రం తక్కువ కావాలి అనుకుంటే శ్రీలంకను మించినది లేదు. క్యాండీ నుంచి బదుల్లా దాకా తేయాకు తోటల మధ్య సాగే ఆ దారి మన కొలతలోని బ్రాడ్ గేజే. ఇంత విశాలమైన గేజితో 1,898 మీటర్ల పట్టిపోల స్టేషను దాకా ఎక్కించడం మామూలు పని కాదు. దెమోదర దగ్గర పట్టాలు కొండను చుట్టి వచ్చి, ఆ ఊరి స్టేషను కిందనుంచే సొరంగంలో పోతాయి. ఎల్ల దగ్గరి తొమ్మిది కమానుల వంతెనను రాయి, ఇటుక, సిమెంటుతో 1921లో పూర్తిచేశారు. రెండవ తరగతిలో కిటికీ తెరుచుకొని కూర్చోవడమే ఆ ప్రయాణపు రుచి. వానలకు కొండచరియలు విరిగిపడి దారి మూసే అలవాటు ఉంది కాబట్టి విమానం టికెట్టు కొనే ముందు దారి మొత్తం తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగే పిల్లకాయలను చూసి మీరు ఆ పని చేయవద్దు. బండికీ సొరంగం గోడకూ మధ్య జాగా ఎంత తక్కువగా ఉంటుందో కొలిచినవాణ్ని కనుక చెబుతున్నాను.

అమ్మానాన్నలతో వద్దనేవి కూడా చెప్పాలి. 2006లో లాసా వరకు వేసిన టిబెట్ దారి 5,072 మీటర్ల తాంగులా కనుమను దాటుతుంది. పెట్టెల్లో ఆక్సిజను ఏర్పాటు ఉన్నా, గుండెజబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ ఊసు ఎత్తకూడదు, ప్రత్యేక అనుమతి కూడా కావాలి. స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషను కూడా 3,454 మీటర్ల ఎత్తున ఉంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ దాకా 9,289 కిలోమీటర్ల సైబీరియా దారి గొప్పదే, కాని అది దూరాన్ని అనుభవించే ప్రయాణం. బైకాల్ సరస్సు ఒడ్డున నడిచే కొన్ని గంటలు తీసేస్తే కిటికీలో కనిపించేది బిర్చి చెట్లే. ఆస్ట్రేలియాలో నల్లార్బర్ మైదానం మీద 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేని పట్టాలున్నాయి. నాకు ఆసక్తి, మీకు విసుగు. రాజభోగాల బండ్లు మన దేశానివైనా, పారిస్ వైపు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పేరుతో నడిచేవైనా, చక్రాల మీది హోటళ్లు. వాటిలో చాలామటుకు దారి రాత్రిపూట నిద్రలోనే గడిచిపోతుంది.

మన వైపు సంగతి చివరికి ఉంచాను గాని, వరుసలో ముందు చేయవలసినది ఇదే, ఖర్చు కూడా వందల్లోనే. 2016లో పూర్తయిన ఎర్రగుంట్ల-నంద్యాల దారిలో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె మీదుగా నంద్యాల చేరండి. దారి పొడవునా నాపరాతి నేల, నల్లరేగడి. నంద్యాలలో పగటిపూట గిద్దలూరు వైపు పోయే బండి చూసుకొని ఎక్కితే, గాజులపల్లె దాటగానే నల్లమల మొదలై చలమ, బొగడ సొరంగం, దిగువమెట్ట మీదుగా అడవి మధ్యలోనే సాగుతుంది. మే నెలలో ఆ అడవి ఎండి మోడుబారి ఉంటుంది, శ్రావణం నుంచి కార్తీకం లోపల వెళ్లండి. రాత్రి బండి ఎక్కితే ప్రయోజనం లేదు.

రెండవది గోవా ఘాటు. షాలిమార్ నుంచి వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగానే పోతుంది. ఆ ఒక్క బండే నల్లమలనూ సహ్యాద్రినీ దాటుతుంది, అయితే నల్లమల రాత్రి పడుతుంది, సహ్యాద్రి పగలు పడుతుంది. గుంతకల్లులో తెల్లవారుజామున ఎక్కేవారు ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని బజ్జీ దొరికితే వదలవద్దు, ఆ తరువాత హుబ్బళ్లి దాకా అంత రుచైనది దొరకదు. క్యాసిల్ రాక్ దాటాక 37 మీటర్లకు ఒక మీటరు చొప్పున కుళెం దాకా దిగుడు, మధ్యలో దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే పట్టాలు పోతాయి. ఎదురుగా ఎక్కి వచ్చే బండ్లకు వెనుక బ్యాంకర్ ఇంజిన్లు కట్టి ఉండడం చూస్తారు, పైన చెప్పిన ఎక్కుడు లెక్క అక్కడ కళ్లారా కనిపిస్తుంది. అనంతపురం వైపు నుంచి బెంగళూరు దగ్గర కనుక సకలేశపుర-సుబ్రహ్మణ్య రోడ్ ఘాటు కూడా తేలిక. 50 మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు, 57 సొరంగాలు. వాన ఆగిన వెంటనే, సెప్టెంబరు చివర నుంచి, ఈ రెండు ఘాట్లూ బాగుంటాయి. అరకు దారిలో 58 సొరంగాలు దాటే విశాఖ బండి అందరికీ తెలిసినదే, ఎడమవైపు కూర్చుంటే మంచిదా కుడివైపా అన్న వాదం జోలికి పోకుండా పొద్దున బండిలో వెళ్లి మరునాడు తిరిగి రండి, రెండు వైపులూ చూసినట్లవుతుంది.

మే నెల ప్రయాణానికి వీసా అపాయింట్‌మెంటు దొరకడమే అన్నిటికన్నా కష్టం, జనవరిలోనే ఆ పని మొదలుపెట్టండి. మామూలు బండ్లకు రిజర్వేషను అక్కరలేదు కనుక రైలు టికెట్ల గురించి తొందరపడవలసిన పని లేదు. కూర్‌లో గది తీసుకునేటప్పుడు వంటగది ఉన్నది చూసుకోండి, నాన్నగారికి చక్కెర జబ్బు ఉందన్నారు కాబట్టి వేళకు జొన్నరొట్టో అన్నమో వండుకునే వీలు ఉంటుంది. గది స్టేషనుకు నడిచిపోయేంత దగ్గరలో ఉండాలి. తిరానో వెళ్లే రోజున పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, అది ఇటలీ.